వెనక ఎడమ సీటులో ఇరవై రెండు

బంధువులందరూ అతన్ని ‘ఏసీ బావ’ అని పిలుస్తారు. తాపీ పనిచేసే బావమరిది పెట్టిన పేరది. “మేం ఎండలో ఇటుకలు మోసి చస్తాం, మా బావ మంచుకొండలో కూర్చుని స్టీరింగు తిప్పుతాడు” అని నలుగురిలో అంటుంటాడు. ఆ మంచుకొండలోంచి దిగిన బావ చొక్కా పిండితే చెంబుడు నీళ్లొస్తాయని దాన్ని ఉతికే భార్యకు తప్ప ఎవరికీ తెలియదు.

పద్నాలుగేళ్లుగా అతను ఆఫీసు కారు నడుపుతున్నాడు. అందులో తిరిగే సారు కార్మిక రక్షణ అధికారి. ఫ్యాక్టరీల్లో ఉక్కపోత ఎంత, గాలి ఆడుతోందా, తాగడానికి నీళ్లున్నాయా అని చూసి, తేడా వస్తే నోటీసులిచ్చే పెద్దమనిషి. మనసు వెన్న. వడదెబ్బ గురించి మాట్లాడితే ఆయన గొంతు జీరబోతుంది.

కారుకూ పద్నాలుగేళ్లే. అందులో ఏసీకి ఎడమకొకటి, కుడికొకటి రెండు మీటలు. ఈ వేసవి మొదట్లో కుడివైపు చెడింది. ఎడమ గాలి ఒళ్లు జిల్లుమనిపిస్తుంది. కుడి గాలి ఉడుకుతున్న గిన్నె మీద మూత తీసినట్టు డ్రైవరు మొహాన కొడుతుంది. సారు కూర్చునేది వెనక ఎడమవైపు.

మూడుసార్లు చెప్పి చూశాడు.

“సార్, ఏసీ ఒకపక్క...”

“అవునయ్యా, చలేస్తోంది. కాస్త తగ్గించు.”

తగ్గించాడు. సారు చలి తగ్గింది. ఇతని సెగ ఇతనికే ఉంది.

కిందటివారం సిగ్నల్ దగ్గర కళ్లు బైర్లు కమ్మాయి. రోడ్డు దాటుతున్న ముసలామె, ఆమె చేతిలోని సంచీ రెండేసిగా కనిపించాయి. బ్రేకు మీద కాలుందో లేదో తెలియలేదు. వెనక హారన్లు మోగాక గానీ తెలివి రాలేదు. సారు ఫోన్లో ఉన్నారు.

డాక్టరు పరీక్షించి, “వేడికి దూరంగా ఉండు. ఇంకోసారి ఇలా అయితే బండి నడపడానికి పనికిరావని రాయాల్సొస్తుంది. ఇంతకీ ఏం పని?” అన్నాడు.

“ఏసీ కారు డ్రైవర్నండి.”

డాక్టరుకు నవ్వొచ్చింది. భార్యకు రాలేదు.

“బ్రేకు మీంచి నీ కాలు జారుంటే ఆ ముసలామె గతేంటి, మన గతేంటి? మీ సారు ముందు నోరు పెగలదా నీకు?”

“చెప్పానే.”

“నోటి మాటలు నీటి మూటలు. కాగితం మీద పెట్టు.”

మర్నాడు కారుని ప్రభుత్వ బళ్లు బాగుచేసే షెడ్డుకు తీసుకెళ్లాడు. మెకానిక్ బానెట్ ఎత్తి గేజీ తగిలించాడు. గ్యాసు సరిపడా ఉంది. ఫిల్టరు లాగితే గుప్పెడు దుమ్మూ, ఎండుటాకులూ రాలాయి. దులిపి పెట్టినా తేడా లేదు. గాలి వచ్చే కంతల్లో థర్మామీటరు పెట్టి చూశాడు. ఎడమ తొమ్మిది, కుడి ముప్పై ఎనిమిది. కుడి మీట తిప్పుతూ డాష్‌బోర్డుకు చెవి ఆనించాడు. లోపలెక్కడో టిక్, టిక్, టిక్.

“విన్నావా బాబాయ్? లోపల చిన్న తలుపుంటుంది. ఏ గాలి ఎంత రావాలో దానిదే కాపలా. దాన్ని తిప్పే మోటారు పళ్లు అరిగిపోయాయి. తలుపు హీటరు వైపు తెరుచుకుని బిగుసుకుపోయింది. కొత్తది నా బీరువాలోనే ఉంది. నలభై నిమిషాల పని.”

“అయితే బిగించెయ్!”

“ఫారం?”

అక్కడ ఫారం లేనిదే మేకు కూడా కదలదు. ఏసీ ఫిర్యాదు ఫారంలో ఒకటే గడి ఉంది: అధికారి ఆసనం వద్ద ఉష్ణోగ్రత. అది ఇరవై ఆరు దాటితేనే మరమ్మతు. షెడ్డు గుమాస్తా థర్మామీటరు పట్టుకుని వెనక ఎడమ సీటులో కూర్చుని తలుపేసుకున్నాడు. చూడాల్సింది ఐదు నిమిషాలు. షెడ్డులో ఫ్యాను లేదు కనక అరగంట చూశాడు.

“ఇరవై రెండు. భేషుగ్గా ఉంది!”

“అయ్యా, ఒక్కసారి నా సీట్లో పెట్టి చూడండి.”

“నీ సీటుకు గడి లేదు కదయ్యా. చూసి ఎక్కడ రాయను, నా నుదుటి మీదా?”

‘లోపం లేదు’ అని ముద్ర గుద్దాడు. మెకానిక్ గుసగుసగా అన్నాడు: “ఎడమ మోటారుదీ ఇదే వయసు బాబాయ్. అదీ పోవాలని కోరుకో. సారుకు చెమట పట్టిన పూటే నీకు విముక్తి.”

విముక్తి కోసం పై సీటుకు చెమట పట్టేదాకా కాచుకోవడం కింది సీటుకు కొత్తేమీ కాదు. కానీ ఇతనికి అంత వ్యవధి లేదు.

ఆ వారమే బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో తనిఖీ. ఫైళ్లు మోస్తూ అతనూ లోపలికెళ్లాడు. ఇస్త్రీ హాల్లో ఆవిరి పొగల మధ్య నలభైమంది ఆడవాళ్లు. యజమాని రిజిస్టరు చూపించాడు: ఇరవై నాలుగు డిగ్రీలు.

“థర్మామీటరు ఎక్కడ?” అన్నారు సారు.

అది మేనేజరు గారి అద్దాల గదిలో ఉంది. ఇస్త్రీ చేస్తున్న ఒకామె తలెత్తకుండానే అంది: “మమ్మల్నీ ఆ గదిలో వేలాడదీస్తే మా లెక్కా ఇరవై నాలుగే వస్తుంది సారూ.”

సారు మొహం ఎర్రబడింది. “సిగ్గుండాలయ్యా! వేడి కొలవాల్సింది పెత్తనం కూర్చునే చోటా? పనిచేసే మనిషి ఒళ్లుండే చోటా?”

తిరుగుదారిలోనే ఫోన్లో ఉత్తర్వు చెప్పి రాయించారు. ‘ఇకపై ఏ పనిస్థలంలోనైనా ఉష్ణోగ్రతను పనిచేసే మనిషి ఉండే చోటే కొలవవలెను. మినహాయింపులు లేవు.’ డ్రైవరు చెంపల మీద చెమట తుడుచుకున్నాడు.

“సార్, ఏ పనిస్థలమైనా అంటే ఏదైనానా?”

“ఏదైనా అంటే ఏదైనానే. నీకెందుకా అనుమానం?”

“తెలుసుకుందామని సార్.”

మూడోరోజున అతను కొత్త ఫారం నింపాడు. గడి లేదు గనక ఉత్తర్వు నంబరూ, తేదీ, ఆ వాక్యమూ అంచుల వెంట కాగితం తిప్పి తిప్పి రాశాడు. మెకానిక్ థర్మామీటరు తన సీట్లో పెట్టి చూసి, కింద ‘డ్రైవరు ఒళ్లుండే చోటు: ముప్పై ఎనిమిది’ అని చేర్చి, సంతకానికి సారు ముందు పెట్టాడు.

సారు చదివారు. మళ్లీ చదివారు.

“నాకెప్పుడూ చెప్పలేదేంటయ్యా?”

“మూడుసార్లు చెప్పాను సార్. మీకు చలేసింది.”

సారు లేచి కారు దగ్గరికెళ్లి, ఉద్యోగంలో మొదటిసారి డ్రైవరు సీటులో కూర్చున్నారు. నాలుగు నిమిషాల తర్వాత మెడ గుండీ విప్పుకుంటూ దిగి, బానెట్ మీదే కాగితం పెట్టి సంతకం చేశారు. మాటలన్నీ వచ్చేవారం జరిగే కార్మికుల సభ కోసం దాచుకున్నట్టున్నారు. అక్కడ ‘నేను స్వయంగా డ్రైవరు ఆసనంలో కూర్చుని’ అంటూ మొదలుపెడితే చప్పట్లు మోగాయి. పత్రికలో ఫొటో కూడా పడింది, సారు చెయ్యి స్టీరింగు మీద ఉన్నట్టు. ఫొటో బాగా రావాలని డ్రైవరును పక్కకు జరగమన్నారు.

అతను జరిగాడు. మోటారు బిగించారు, కళ్లు తిరగడం ఆగింది, అతనికి కావలసింది అదే. ఫొటో కన్నా ఉత్తర్వు నంబరు ముఖ్యమని అతనికి తెలుసు. దాన్నీ, ఆ వాక్యాన్నీ షెడ్డు గోడమీద సుద్దముక్కతో పెద్దక్షరాల్లో రాశాడు. ట్రక్కువాళ్లూ, జీపువాళ్లూ, నీళ్ల ట్యాంకరు నడిపేవాళ్లూ ఆగి చదువుకున్నారు.

సోమవారం పొద్దున గుమాస్తా వచ్చేసరికి బల్లమీద పందొమ్మిది ఫారాలున్నాయి. చేతిరాత ఎవరిది వాళ్లదే, వాక్యం మాత్రం ఒకటే. కిటికీ దగ్గర ఇంకా వరస ఉంది.

“ఫారాలైపోయాయి, పొండి!” అన్నాడు గుమాస్తా.

“ఫరవాలేదండి,” అంది వరసలో ముందున్న ట్యాంకరు డ్రైవరమ్మ, “తెల్లకాగితాలు మేమే తెచ్చుకున్నాం.”