నీలం పేలిక సీసా

దయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. భయపెట్టడానికి బతికున్న దొర చాలడా, చచ్చినవాళ్ళు కూడా ఎందుకని నవ్వేదాన్ని. అందుకే ఇది చెప్పాలంటే ఇప్పటికీ జంకుతాను.

నైజాం చివరి రోజులు. దేవరకొండ దగ్గర పల్లె మాది. అంటరానివాళ్ళమని మా వాడను ఊరి బయట ఉంచారు. దవాఖానలో మందునీళ్ళకు ఎవరి సీసా వాళ్ళే తెచ్చుకోవాలి. గోడ వెంట సీసాలు వరసగా పెడితే అదే వంతు. మావి మాత్రం ఎప్పుడొచ్చినా చివరనే, ఎండలో. ఊరివాళ్ళందరి పనీ అయ్యాక కంపౌండర్ వచ్చి, అంటకుండా పైనుంచి పోసేవాడు. గడప దాటనిచ్చేవాడు కాదు.

మా అత్త లచ్చవ్వ మంత్రసాని. ఊళ్ళో సగంమంది ఆమె చేతుల్లోనే పుట్టారు. ఎంతటివాళ్ళనైనా "బిడ్డా" అనే పిలిచేది. అలాంటి మనిషి జబ్బు చేసి ఆ గోడ పక్కనే కూర్చుని, వంతు రాకముందే ప్రాణం విడిచింది.

మరుసటి ఏడాది నా మూడేళ్ళ కూతురు ఎల్లమ్మకు గొంతు పూడుకుపోయింది. మా ఆయన దొర గడీలో వెట్టికి పోయాడు. నేనే బిడ్డను చంకనేసుకుని నడిచి, పొద్దెక్కేసరికి దవాఖాన చేరాను. తెచ్చింది అత్త సీసానే. దాని మెడకు ఆమె కట్టిన నీలం పేలిక అలాగే ఉంది. చివర పెట్టాను. ముందు పన్నెండు సీసాలున్నాయి.

బిడ్డ ఊపిరందక కొట్టుకుంటోంది.

"జర సూడు సారూ, పానం పోతాంది!" అని మొత్తుకున్నాను.

"వంతు వచ్చేదాంక కూసో," అన్నాడు కంపౌండర్ గుమ్మంలోంచి.

ఒళ్ళు మండిపోయింది. సీసా తీసి వాడి కాళ్ళ దగ్గర పగలగొడదామని చూస్తే, సీసా లేదు.

అంతలో డాక్టర్ సాబ్ పరుగున బయటికి వచ్చాడు. చేతిలో నా సీసా.

"గీ సీసా ఎవలది? గొంతు పూడిన పిల్ల యాడుంది?"

నేను నోరు తెరిచేలోపే బిడ్డను అందుకుని లోపలికి తీసుకుపోయాడు. గొంతులో కట్టిన పొర తీశాడు, సూది వేశాడు. కాసేపటికి ఎల్లమ్మ గట్టిగా ఏడ్చింది. అంత తియ్యటి ఏడుపు నేను మళ్ళీ వినలేదు.

"ముసలామె యాడికి పోయింది?" అని అడిగాడు సాబ్. "సీసా నా బల్ల మీద పెట్టింది. 'నా మనుమరాలి గొంతు పూడింది, లే బిడ్డా' అన్నది. చిటికెన వేలు వంకరగున్నది."

లచ్చవ్వ చిటికెన వేలు కొడవలికి తెగి వంకరపోయింది. సాబ్ పట్నం నుంచి వచ్చి నెల కూడా కాలేదు. లోపలికి ఎవరూ పోలేదని కంపౌండర్ ఒట్టు వేశాడు.

వారం తరువాత మళ్ళీ మందుకు పోయాను. సీసా గోడ దగ్గర పెట్టలేదు. చేతిలో పట్టుకుని నేరుగా గడప ఎక్కాను. కంపౌండర్ ఏదో అనబోయి, నీలం పేలిక చూసి పక్కకు జరిగాడు. నా వెనక మా వాడ ఆడవాళ్ళు నలుగురు వచ్చారు. ఆ తరువాత ఎవరూ బయట కూర్చోలేదు.

ఎల్లమ్మకిప్పుడు మనవలు. ఆ సీసా బల్ల మీదికి ఎలా పోయిందో నాకు ఈనాటికీ తెలియదు. బతికుండగా తొక్కనివ్వని గడపను మా అత్త ఆ రోజు దాటింది. ఆమె వెనకే మేమందరం దాటాం.