వేపరెమ్మల దారిలో జొన్నరొట్టె

ములకలపల్లి అవతల, అడవి అంచున ఉన్న తండాలో ఎవరు హైదరాబాదు బయలుదేరినా ముందు రూప్లి గడప దగ్గర ఆగేవారు. అక్కడ ఏం తినాలో, ఎక్కడ తినాలో ఆమెను అడిగి గానీ బస్సెక్కేవారు కాదు. రూప్లికి అక్షరం రాదు. పట్నంలో ఒక్క వీధి పేరూ తెలియదు. కళ్లు సగం మూసి, చేతిని గాలిలో తిప్పుతూ చెప్పేది.

"దవాఖానా గేటు దాటినంక కాగిన చక్కెర వాసనొస్తది. దాన్ని పట్టుకొని పో. చాయ్ వాసన ఎదురొస్తే కుడిచెయ్యి దిక్కు మళ్లు."

విన్నవాళ్లు నవ్వేవారు. తిరిగొచ్చాక మాత్రం మూతి తుడుచుకుంటూ ఆమె గడప దగ్గరే మళ్లీ ఆగేవారు.

ఇదంతా ఆమె నేర్చుకున్నది ఎనభైల్లో ఒక చలికాలం, అత్త గోరి కంటి ఆపరేషన్ కోసం పట్నం వెళ్లినప్పుడు. గోరి కుడికన్ను మీద పాలమీగడలాంటి పొర కమ్మింది. రెండో కన్నూ మసకబారుతోంది. పాల్వంచలో క్యాంపు పెట్టిన డాక్టరు చూసి, హైదరాబాదు పెద్ద దవాఖానాకు పొమ్మన్నాడు. రూప్లి భర్త రామ్‌సింగ్‌కు కొత్తగూడెం బొగ్గుబాయిలో సెలవు దొరకలేదు. అత్తాకోడళ్లిద్దరే రైలెక్కారు. గోరి లంగా మీది అద్దాల్లో దారి పొడవునా చిన్నచిన్న సూర్యుళ్లు పుడుతూ, పెట్టె పైకప్పు మీద ఎగురుతూ వెళ్లాయి.

గోరికి ఒక పట్టుదల ఉంది. వండుతుండగా తన కళ్లతో చూడనిదేదీ నోట పెట్టదు. ఎడ్ల మీద సరుకు వేసుకుని దేశాలు తిరిగిన తాతల కాలం నుంచి ఆ ఇంట్లో ఆడవాళ్లకు ఉన్న అలవాటు అది. పెళ్లికి పోయినా పందిట్లో కూర్చునేది కాదు, పొయ్యి పక్కన కూర్చునేది. ఆమె వచ్చి కూర్చుంటే వంటవాళ్ల గరిటెలు కాస్త భయంగా తిరిగేవి.

అలాంటి మనిషికి ఆపరేషన్ చేసి రెండు కళ్లకూ కట్టు కట్టారు.

వార్డు నర్సు నిర్మలాదేవిది సత్తుపల్లి వైపు. మంచం పక్కన నిలబడి జాగ్రత్తలు చెప్పింది. "కట్టు విప్పేదాకా కదలకూడదు. దగ్గకూడదు, వంగకూడదు, గట్టివి నమలకూడదు. మధ్యలో రైలెక్కి ఊగుకుంటూ పోయావంటే, అమ్మమ్మా, ఈ కన్ను ఇక రాదు."

గోరి తల ఊపబోయింది. నిర్మలాదేవి ఆ తలను పట్టుకుని ఆపింది.

మధ్యాహ్నం దవాఖానావాళ్లు పాలు, డబల్ రొట్టె ఇచ్చారు. గోరి దాన్ని వేళ్లతో నొక్కి చూసింది.

"ఏందే ఇది? దూదా?"

"రొట్టె, యాడీ." తండాలో అమ్మను అలాగే పిలుస్తారు. రూప్లి అత్తనూ అలాగే పిలిచేది. "పట్నపోల్ల రొట్టె."

"ఎవరు కాల్చిన్రు? నువ్వు చూసినవా?"

"లే."

"అయితే తియ్యి. పొయ్యి ముఖం ఎరగని రొట్టె నాకెందుకు."

రాత్రి అన్నమూ అలాగే వెనక్కి పోయింది. తెల్లారేసరికి గోరి మంచం కింద చేత్తో తడుముతూ మూట వెతుకుతోంది. "ఇంటికి పోదాం నడువు. ఆకలితోని చస్తే కన్నుండి ఏం జేసుకోను?"

అత్త మొండితనం రూప్లికి తెలుసు. రైలెక్కితే కన్ను పోతుందనీ తెలుసు. మూట మీద చెయ్యి వేసి పట్టుకుంది.

"నేను బయటికి పోత. పొయ్యి కాడ కూసొని, వండేది మొత్తం చూసొచ్చి నీకు చెప్త. నా కండ్లతోని చూడు. తింటవా?"

గోరి చెయ్యి మూట మీదే ఉంది. "అబద్ధం చెప్తే నీ గొంతులనే తెలుస్తది."

"అవ్. తెలుస్తది."

"జల్దీ రా మరి."

గేటు బయట పట్నం పొంగుతున్న పాలగిన్నెలా ఉంది. రిక్షాలు, సైకిళ్లు, గంటలు, ఎవరో ఎవరినో తిడుతూ నవ్వే నవ్వులు. అడవిలో రూప్లికి చెట్టు చెట్టూ తెలుసు. ఇక్కడ తలుపు తలుపుకూ ఒకటే రంగు. అందుకని తెలిసిన పని చేసింది. తునికాకు ఏరడానికి అడవిలోకి పోయినప్పుడు, ముందు నడిచేవాళ్లు దారి చీలిన చోట ఒక రెమ్మ విరిచి, కొన తాము పోయిన వైపు ఉండేట్టు నేల మీద పెట్టి, పైన రాయి ఉంచుతారు. వెనకవాళ్లు తప్పిపోరు. దవాఖానా ఆవరణలోని వేపచెట్టు నుంచి ఒడినిండా రెమ్మలు విరుచుకుని, మలుపు మలుపుకూ ఒకటి పెడుతూ, పైన రాయి పెడుతూ, రూప్లి హైదరాబాదులోకి నడిచింది.

రెమ్మలు అయిపోవచ్చే వేళకు ఆ వాసన తగిలింది. పెనం మీద జొన్నపిండి కాలే వాసన. తండాలో పొద్దున్నే పొగతో కలిసి లేచే వాసన. రూప్లి కాళ్లు వాటంతట అవే పరుగెత్తాయి. ఒక ఇరుకు సందులో, రేకుల పంచ కింద, పాలమూరు నుంచి వలస వచ్చిన ఒకామె హమాలీల కోసం రొట్టెలు కొడుతోంది. రూప్లి పొయ్యి పక్కన గొంతుక్కూర్చుంది. పిండిలో వేడినీళ్లు పోయడం నుంచి రొట్టె పొంగి పక్కకు దిగేదాకా రెప్ప వేయకుండా చూసింది.

"ఏందక్కా గట్ల జూస్తున్నవ్? పోలీసోల్ల లెక్క?"

"మా అత్తకు చెప్పాలె."

"మీ అత్త గింత గట్టిదా?"

"కండ్లకు కట్టు కట్టిన్రు. లేకుంటే ఆమెనే వచ్చి కూసునేది."

రొట్టెలామె పడీపడీ నవ్వి, పప్పు కొంచెం ఎక్కువే పోసి ఇచ్చింది.

తిరిగి వస్తుంటే మొదటి మలుపులో రాయి ఉంది, రెమ్మ లేదు. రెండో మలుపులో రాయీ పొర్లి ఉంది. మూడో మలుపులో, ఒక చెవి మాత్రమే తెల్లగా ఉన్న నల్లమేక నిలబడి, ఆమె పెట్టిన గుర్తును తీరిగ్గా నములుతోంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మేక సిగ్గుపడలేదు.

కంటి దవాఖానా ఎటని అడిగితే ఎవరైనా చెప్తారు. రూప్లి అడుగుతూ అడుగుతూ చేరింది. రొట్టెను పప్పులో మెత్తగా నానబెడుతూ, పిండి రంగు, పెనం మీది నలుపు, రొట్టె ఊపిరి పీల్చినట్టు పొంగిన తీరు, అన్నీ చెప్పింది. గోరి విన్నది. నోరు తెరిచింది. మూట మళ్లీ మంచం కిందికి పోయింది.

కానీ మర్నాడు రూప్లికి రొట్టెలామె సందు దొరకలేదు. పేరు లేని మనిషిని, పేరు లేని సందును ఎవరిని అడగాలి? కొత్త రెమ్మలు పెట్టింది. తెల్లచెవి మేక వాటినీ తిన్నది. అలా దారి తప్పి తిరుగుతూ ఒక ఇరానీ హోటలు ముందు తేలింది. అక్కడ చాయ్ చిక్కగా, వెన్నెల్లో గోదావరి ఇసుక రంగులో ఉంది. అందులో ముంచిన ఉస్మానియా బిస్కెట్ నాలుక మీద మంచులా విడిపోయింది. రూప్లి గోడకు ఆనుకుని కాసేపు ఊరకే నిలబడింది. కడుపులో ఎవరో చిన్న డప్పు మోగిస్తున్నట్టు ఉంది.

ఆ తర్వాత తప్పిపోవడం ఆమెకు పండుగైపోయింది. ఒకరోజు తప్పిపోతే జిలేబీ దొరికింది. నూనెలో పిండి తీగ తిరుగుతూ తిరుగుతూ తన తోకను తానే పట్టుకుని పాకంలో దూకింది. ఇంకోరోజు ఒక పెళ్లింటి వెనక గోడ దగ్గర తేలితే, గంటె పట్టుకున్న ముసలాయన ఆకుదొన్నెలో డబల్ కా మీఠా పెట్టి చేతికిచ్చాడు. వాసన దారి, రుచి దారి, నవ్వు దారి, అన్నీ ఆమె లోపల ముడిపడుతూ పోయాయి. వార్డులో పక్క మంచాలవాళ్లు కూడా ఆమె చెప్పే వంటల కోసం చెవులు రిక్కించేవారు. నిర్మలాదేవి కూడా దుప్పటి సర్దే నెపంతో ఆగి, "రేపు ఆ జిలేబీ వైపు తప్పిపోతావా, రూప్లీ?" అనేది.

డబల్ కా మీఠా రోజున మాత్రం చెప్పడం కాస్త కష్టమైంది.

"ముక్కలు నెయ్యిల వేయించిండు, యాడీ. పాలల్ల నానబెట్టిండు. ఏలకులు దంచి..."

"ఏం ముక్కలు?"

"మెత్తటి ముక్కలు."

గోరి తలను కోడలి గొంతు వైపు తిప్పి అనుమానంగా విన్నది. ఇంకో ముద్ద కోసం నోరు తెరిచింది.

కట్టు విప్పే రోజు దగ్గరికొచ్చేసరికి గోరి తీపితో విసిగిపోయింది. మూట మళ్లీ ఒళ్లోకి వచ్చింది. "ఆ రొట్టె మల్ల తేలేదు. నిన్ను నమ్మిన నేనే పిచ్చిదాన్ని. పొద్దున రొట్టె లేకుంటే బండెక్కుడే. డాక్టరొచ్చి కాళ్లు మొక్కినా ఉండ."

"ఇంకొక్క రోజే, అమ్మమ్మా," అంది నిర్మలాదేవి.

"రొట్టె," అంది గోరి.

సాయంత్రం ఎండ నారింజ తొక్కలా గోడలకు అంటుకుని ఉంది. రూప్లి సందు సందూ తిరిగింది. ఏ వాసన పట్టుకున్నా మరో రుచి దగ్గరికే పోతోంది. చివరికి ఒక అరుగు మీద కూలబడింది. ఒడిలో మిగిలిన రెమ్మను ఎవరో లాగారు. తెల్లచెవి.

"తిను. నువ్వే తిను. మా అత్త కన్ను కూడా తిను."

మేక దగ్గరకొచ్చి ఆమె చెంగు వాసన చూసింది. దాని మూతి మీద తెల్లటి పొడి. రూప్లి వేలితో తుడిచి నాలుక మీద పెట్టుకుంది. జొన్నపిండి.

ఆమె లేచి నిలబడింది. మేకలు ఎంత తిరిగినా పొద్దుగూకితే తమ గడపకు పోతాయని తండాలో పసిపిల్లకూ తెలుసు. ఇన్నాళ్లూ ఆమె దారిని మేక తిన్నది. ఇక మేక దారిని ఆమె పట్టుకుంది.

తెల్లచెవికి తొందర లేదు. గోడ మీది సినిమా పోస్టరులో హీరో మోచేయి దాకా తిన్నది. కూరగాయల బండి దగ్గర ఆగి కొత్తిమీర కట్ట లాగింది.

"నీ మేకనా?" అని బండివాడు గుడ్లురిమాడు.

"కాదన్నా. నేనే దాని మనిషిని."

సందులో సందు, ఆ సందులో ఇంకో సందు. మేక తలతో ఒక రేకు తలుపు తోసింది. లోపల పెనం కింద మంట, చేతుల చప్పుడు.

"ఇన్నొద్దులు యాడికి పోయినవక్కా?" అంది రొట్టెలామె. "నీకని పక్కకు పెట్టిన రొట్టెలన్నీ ఈ దొంగదే తిన్నది."

రూప్లి నేల మీద కూర్చుని, మేక మెడ చుట్టూ చేతులు వేసి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

ఆ రొట్టె తిని గోరి మూట విప్పి పెట్టింది. మర్నాడు కట్టు విప్పారు. డాక్టరు వేళ్లు చూపించి ఎన్ని అని అడిగాడు. గోరి చెప్పింది. చెప్పి, వేళ్లతో తనకేం పని లేదన్నట్టు కోడలి వైపు తిరిగింది. "నడువు. ఆమె పొయ్యి కాడికి."

నల్లద్దాలు పెట్టుకుని, కోడలి చెయ్యి పట్టుకుని గోరి హైదరాబాదును మొదటిసారి చూసింది. దారిలో ఒక హోటలు ముందు, మూకుడులో డబల్ రొట్టె ముక్కలు ఎర్రగా వేగుతూ, పక్క పళ్లెంలో పాలల్లో మునుగుతూ ఉన్నాయి. గోరి ఆగింది. మూకుడును చూసింది. కోడలిని చూసింది. రూప్లి ఆకాశంలో ఏదో వెతికింది.

"దూది తినిపిచ్చినవ్."

"తిన్నవ్ గదా, యాడీ."

గోరి మళ్లీ మూకుడు వైపు తిరిగింది. "ఇంకో ముక్క ఇమ్మను," అంది.

రొట్టెలామె పొయ్యి పక్కన గోరి గొంతుక్కూర్చుని చూసిన చూపు పెళ్లిళ్లలో వంటవాళ్లను చూసే చూపే. రొట్టె పొంగింది. గోరి దాన్ని దగ్గరగా చూసింది. "కోడలు చెప్పినట్టే ఉన్నది," అని మెల్లగా అని, వెంటనే గొంతు సవరించుకుంది. "అంచు కొంచెం మందం."

రైలుకు బయలుదేరే ముందు గోరి దవాఖానా గేటు దగ్గర వేపరెమ్మ విరిచి, కొన రొట్టెల సందు వైపు ఉండేట్టు పెట్టింది. రేపు మనవాళ్లు ఎవరైనా వస్తే తెలియాలి కదా. వంగొద్దని నిర్మలాదేవి అరుస్తుంటే, రాయిని రూప్లి పెట్టింది. రాయి కింద పెట్టీపెట్టగానే తెల్లచెవి వచ్చింది. రూప్లి అదిలించబోయింది.

"తిననియ్," అంది గోరి. "తొవ్వ దానికి తెలుసు."

అందుకే ఆ తర్వాత పట్నం పోయే ప్రతివాళ్లకూ రూప్లి చివరి మాటగా ఇది చెప్పేది: "రొట్టె కావాల్నంటే పొద్దుగూకే యాళ్లకు వేపరెమ్మ పట్టుకొని నిలబడు. సిగ్గుపడకు."

చాలా ఏళ్లకు తండా కుర్రాడు తుల్సీరాం ఉద్యోగం ఇంటర్వ్యూకు వెళ్లి, ప్యాంటు షర్టుతో, చేతిలో వేపరెమ్మతో నడిరోడ్డు మీద నిలబడ్డాడట. జనం వింతగా చూశారట. చివరికి ఒక చెవి తెల్లగా ఉన్న పిల్లమేక వచ్చి రెమ్మ లాక్కుందట. అతను గుడ్డలో చుట్టి తెచ్చిన రొట్టెలను గోరి ముందు పెట్టాడు. గోరి ఒకటి తీసి, వెలుతురుకు ఎత్తి, అంచు చూసి, ఒళ్లో పెట్టుకుంది.

"కూసో," అంది. "కాల్చంగ జూసినవా? మొదటి నుంచి చెప్పు."