వాగు అవతలి వాన

మా ఊళ్లో మైకులో ఏ మాట చెప్పినా మూడుసార్లు చెప్పాలి. నల్లా నీళ్లు ఎప్పుడు వదులుతారో, రేషన్ బియ్యం ఎప్పుడిస్తారో, పశువులకు సూదులేసే డాక్టరు ఏ రోజు వస్తాడో, అన్నీ మూడేసి సార్లు. ఒకసారి చెబితే సగం ఊరికి వినబడదు, రెండోసారి చెబితే విన్నవాళ్లు నమ్మరు అని పాత సర్పంచ్ ఎవరో పెట్టిన పద్ధతి. అందుకే బషీర్ చాచా తాను అబద్ధాలకోరునని కూడా మూడుసార్లు చెప్పవలసి వచ్చింది.

ఆయనను మైకు ముందు నిలబెట్టింది రఘుపతి. పేరుకు సర్పంచ్ ఆయన భార్య. సంతకాలు ఆమెవి, ఊరు ఆయనది.

"నేను వాటర్‌మన్ బషీర్‌ను మాట్లాడుతున్న. మొన్న వాన గురించి నేను చెప్పింది అబద్ధం. ఇగ వాన ముచ్చట నా నోట రాదు."

నీళ్ల ట్యాంకు మీది హారన్ నుంచి ఆ మాట ఊరంతా పరుచుకుంది. మూడోసారికి గొంతు తగ్గింది. వెనక నుంచి రఘుపతి "జర గట్టిగ" అనడం కూడా మైకులో వినబడింది. అరుగుల మీద కూర్చున్నవాళ్లు నవ్వారు. నవ్వలేనివాళ్లు లేచి ఇళ్లలోకి పోయారు. మా ఊరి మంచితనమంతా ఆ లోపలికి పోవడమే.

బషీర్ చాచా చేసిన నేరం చిన్నది. రైతుల ఫోన్లకు వాతావరణం మెసేజ్‌లు వస్తుంటాయి. అందరూ చూడకుండానే చెరిపేస్తారు. ఆయన మాత్రం కళ్లద్దాలు తుడుచుకుని, పెదాలు కదిలిస్తూ చదివి, నీళ్ల టైముతో పాటు దాన్ని కూడా మైకులో చెప్పేవాడు. ఎవరూ చెప్పమనలేదు. పొద్దున లేచి వీధి వీధికీ తిరిగి ఇనుప రాడ్డుతో వాల్వులు తిప్పే మనిషికి, నీళ్లు రాకపోతే ఆడవాళ్ల తిట్లు తినే మనిషికి, ఊరంతా ఆగి వినే మాట ఒకటి దొరికింది. దాంట్లో ఆయనకు సంబరం ఉండేది. కాదని నేననను.

ఆ ఏడు శివరాత్రి దాటింది. శివరాత్రికి చలి శివశివా అనుకుంటూ పోతుందంటారు. మా ఊళ్లో కూడా పోయింది. పగలు ఎండ చురుక్కుమంటున్నది. అప్పుడు వచ్చింది మెసేజ్: వాతావరణం చల్లబడుతుంది, ఈదురుగాలులు, వడగండ్ల వాన. బషీర్ చాచా మూడుసార్లు చెప్పాడు. ఊరుకోకుండా, గొర్రెలకు బొచ్చు కత్తిరించకండి, బయట టెంట్లు వేయకండి అని సొంత మాటలు రెండు కలిపాడు.

ఊళ్లో ఆ మాటలు పట్టించుకున్నవాళ్లు ఇద్దరే. ఒకరు రఘుపతి. ఆయన బిడ్డ వర్షిత ఓణీల ఫంక్షన్ ఆ వారమే. ఇంటి ముందు వేసిన టెంటు పీకించి, ఫంక్షన్‌ను నార్కట్‌పల్లిలో హైవే పక్కనున్న ఒక ఫంక్షన్ గార్డెన్‌కు మార్చాడు, వాన మా ఊరికే అనుకుని. రెండోవాడు గుర్వయ్య. ఆయన కురుమ, గొర్రెలు కాసే మనిషి. మిగతా కాపరులంతా ఉన్ని లేని ఆంధ్రా గొర్రెలకు మారినా ఆయన నల్ల గొర్రెలనే పట్టుకుని ఉన్నాడు. భార్య పుట్టిల్లు మహబూబ్‌నగర్ వైపు. అక్కడ గొంగళ్లు నేసే ఇళ్లు ఇంకా కొన్ని మిగిలాయి. ఏటా శివరాత్రి దాటాక ఆ వైపు నుంచే కత్తెరలు పట్టుకుని మనుషులు వస్తారు. గొర్రెలను వాగులో కడిగి, ఎండలో ఆరనిచ్చి, కాళ్లు కట్టి పడుకోబెట్టి కత్తిరిస్తారు. కత్తిరించిన గొర్రె చూడటానికి సగమవుతుంది. మళ్లీ బొచ్చు మొలిచేదాకా దానికి చలిలో తడిసే ఓపిక ఉండదు. గుర్వయ్య ఆ ఏడు కత్తెరల వాళ్లను వెనక్కి పంపాడు.

మా ఊళ్లో చినుకు రాలలేదు. వడగండ్లు పడ్డది నార్కట్‌పల్లిలో. సరిగ్గా భోజనాల వేళకు పడ్డాయి. గార్డెన్‌లో వండిన అన్నం మీద, పట్టుచీరల మీద, వియ్యం కలపాలనుకున్న పెద్దమనుషుల నెత్తుల మీద పడ్డాయి. పిలుపు లేకున్నా వడగండ్లు దావతుకు వచ్చాయని ఊరంతా వారం రోజులు నవ్వింది. ఆ నవ్వుకు ఎవడో ఒకడు జవాబు చెప్పాలి కదా. రఘుపతికి బషీర్ చాచా దొరికాడు.

గుర్వయ్యకూ నష్టమే జరిగింది. కత్తెరల వాళ్లు ఉగాది దాటాక గానీ మళ్లీ రాలేదు. ఎండకు గొర్రెలు రొప్పాయి, బొచ్చు ఉండలు కట్టింది, గోమార్లు పట్టాయి. కానీ ఆయన పంచాయతీకి ఎక్కలేదు. ఇద్దరూ ఆ వాగులోనే కలిసి ఈత నేర్చుకున్నవాళ్లు, బావా అంటే బావా అని పిలుచుకునేవాళ్లు. ట్యాంకు దగ్గర ఎదురుపడితే, "నీ వాన కోసం నా గొర్లు ఇంక గొంగడి కప్పుకొనే ఉన్నయి బావా" అని మాత్రం అన్నాడు. మైకు ముందు నిలబడిన తర్వాత బషీర్ చాచా నవ్వింది ఆ మాటకే.

వాన ఎందుకు తప్పిపోయిందో చెప్పింది ఆయన కొడుకు ఇమ్రాన్. వాడు నల్గొండలో మొబైల్ షాపులో పని చేస్తాడు. మా ఊరు రామన్నపేటకూ నార్కట్‌పల్లికీ నడుమ ఉంటుంది. ఊరి చివర చిన్న వాగు. కొత్త జిల్లాలు చేసినప్పుడు వాగు ఇవతలి మేము భువనగిరి జిల్లాలో పడ్డాం. వాగు అవతలి చేలు నల్గొండలోనే ఉండిపోయాయి. ఆధార్ కార్డు తీసినప్పుడు తప్ప ఆ సంగతి మాకెవరికీ గుర్తుండదు. బషీర్ చాచా సిమ్ము మాత్రం పాతది, నార్కట్‌పల్లి అడ్రసు మీద తీసుకున్నది. ఆయనకు వచ్చే మెసేజ్‌లన్నీ నల్గొండ జిల్లావి. ఆయన ఏళ్ల తరబడి పక్క జిల్లా వానను మా ఊరికి చదివి వినిపించాడు.

అది తెలిసిన రోజు ఆయన ముఖం నేను చూశాను. జ్వరం దిగినట్టుంది. తాను అబద్ధం చెప్పలేదు, వేరే జిల్లా నిజం చెప్పాడు. ఆ ఒక్క ముక్క మైకులో చెప్పుకోనిమ్మని రఘుపతి ఇంటికి పోయాడు. మూడుసార్లు కూడా వద్దు, ఒక్కసారి చాలన్నాడట. రఘుపతి, "చెప్పినయి చాలు, నీళ్లు ఇడువు పో" అన్నాడట. చాచా దగ్గర నుంచి తీసుకున్న మైకు గది తాళం చెవి ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

ఇమ్రాన్ మా జిల్లా మెసేజ్‌లు కూడా వచ్చేటట్టు ఫోన్‌ను సరిచేసి ఇచ్చాడు. అప్పటి నుంచి ఆ జిల్లా గీత మీద ఊళ్లో అందరికన్నా ఎక్కువ నమ్మకం బషీర్ చాచాకు కుదిరింది. ఆయన పరువు ఆ గీత ఇవతల ఉంది మరి.

మరుసటి ఏడు శివరాత్రి దాటాక గుర్వయ్య ఆలస్యం చేయలేదు. కత్తెరల వాళ్లు వచ్చారు, పని ముగించుకుని ఉన్ని మూటలతో పోయారు. మందను వాగు అవతల పెట్టాడు. పత్తి పీకిన చేలల్లో ఎరువు కోసం గొర్రెలను నిలిపించుకునే రైతులుంటారు. ఏటా అదే చోటు.

ఒకరోజు పొద్దున ఉడికిపోయిన గాలి మధ్యాహ్నానికి తిరిగింది. తూర్పు నుంచి చల్లగా, తడి వాసనతో వీచింది. ట్యాంకు పక్కనే బషీర్ చాచా ఇల్లు. నేను నల్లా దగ్గర బిందె పెట్టుకుని ఉన్నాను. చాచా తల పైకెత్తి కాసేపు చూసి, ఇంట్లోకి కేకేసి బొంతలు బయటికి తియ్యమన్నాడు. ఆయన భార్య అజ్మత్ బీ, ఉతికి పెట్టెలో పెట్టినవాటిని మళ్లీ తీయడమేమిటని గొణుక్కుంటూనే తీసింది.

అప్పుడే గుర్వయ్య వచ్చాడు. ఆయన ఇంటి దగ్గర పాడుబడిన కోళ్ల షెడ్డు ఒకటి ఉంది. మందను అందులోకి తోలుకురావచ్చు. కానీ మంద కదిలితే చేను రైతు ఊరుకోడు, మళ్లీ పిలవడు. పైగా పోయిన ఏడు లేని వానకు భయపడి ఒకసారి నవ్వులపాలయ్యాడు. వాకిట్లో నిలబడి అడిగాడు.

"గాలి తిరిగింది బావా. గొర్లు చూస్తే బోడిగున్నయి. షెడ్డుకు తోల్కరావాల్నా, ఆడనే ఉంచాల్నా? నువ్వేమంటవు?"

బషీర్ చాచా రాడ్డు గోడకు ఆనించాడు. చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ఫోన్ తీశాడు.

"వడగండ్లని నల్గొండకు పెట్టిండ్రు. మనకు ఒకటి రెండు జాగల్ల చినుకులే. మనది నల్గొండ కాదు కద బావా."

"అంటే ఆడనే ఉంచమంటవా?"

"నేనేం అంటలేను. మెసేజ్ గట్ల చెప్తాంది."

గుర్వయ్య నవ్వాడు. "జిల్లా మారినంక ఆఫీసరువైపోయినవ్ బావా" అని భుజం మీద గొంగడి సవరించుకుని పోయాడు. అజ్మత్ బీ బొంతలు చేతుల్లో పెట్టుకుని గడపలో నిలబడి అంతా వింది.

"మాకు బొంతలు తియ్యమంటిరి. గాయనకు చెప్పకపోతిరి ఎందుకు?" అంది.

ఆయన రాడ్డు తీసుకుని వాల్వు దగ్గరికి పోయాడు.

ఆ సాయంత్రం మా ఊళ్లో చినుకులే పడ్డాయి. మెసేజ్ తప్పలేదు. వాగు అవతల మాత్రం లారీలోంచి కంకర ఒంపుతున్నట్టు చాలాసేపు చప్పుడు వచ్చింది. ఆ మెసేజ్ కూడా తప్పలేదు. మంద ఉన్నది నల్గొండ జిల్లాలో. మనుషులది ఒక జిల్లా, గొర్రెలది ఒక జిల్లా అన్న సంగతి, ఏటా ఆ మందను అక్కడే చూస్తూ పెరిగిన మాలో ఒక్కడికీ తట్టలేదు.

తెల్లవారి ఊరంతా వాగు దాటింది. చలేసిన గొర్రెలు వెచ్చదనం కోసం ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి. కింద పడ్డవి ఊపిరాడక పోయాయి, పైనున్నవి తడికీ దెబ్బలకూ బిగుసుకుపోయాయి. చెట్టు మొదట్లో కొన్ని నిలబడి ఉన్నాయి, అవీ వణుకుతూనే. గుర్వయ్య తన గొంగడిని రెండు పిల్లల మీద కప్పి, తాను ఉత్త బనీనుతో బురదలో కూర్చున్నాడు. ఆ పిల్లలైనా బతికున్నాయో లేదో గొంగడి తీసి చూసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

బషీర్ చాచా వాగులో మోకాళ్ల దాకా తడిసి వచ్చాడు. మందనూ, వెనక్కి తిరిగి వాగునూ చూశాడు. అప్పుడు అర్థమైందనుకుంటాను. "బావా" అన్నాడు. గుర్వయ్య తల ఎత్తలేదు. చాచా ఇంకోసారి అనలేక అక్కడే నిలబడిపోయాడు.

రఘుపతి ఖద్దరు చొక్కా మీద శాలువా కప్పుకుని వచ్చి, పోయినేడు లేని వాన చెప్పిండు, ఈ యేడు ఉన్న వాన దాసిపెట్టిండు అన్నాడు. ఊరికి ఆ మాట బాగా నచ్చింది. సాయంత్రానికి అందరూ అదే అంటున్నారు. మైకు లేకుండానే, మూడుసార్లకన్నా ఎక్కువే.

గుర్వయ్య మాత్రం ఏమీ అనలేదు. ఒక తిట్టు తిట్టినా, కాలర్ పట్టుకున్నా బషీర్ చాచాకు అన్నం సహించేదేమో. మిగిలిన గొర్రెలను అమ్మేసి, భార్యతో మహబూబ్‌నగర్ వైపు అత్తగారి ఊరికి పోయాడు. పోయే రోజు ట్యాంకు ముందు నుంచే ఆటో పోయింది. బషీర్ చాచా వాల్వు దగ్గర నిలబడే ఉన్నాడు. ఆటో ఆగలేదు. ఆ నెలలోనే ఆయన వాటర్‌మన్ పని వదిలేశాడు. నార్కట్‌పల్లిలో హైవే పక్కన లారీలు కడిగే చోట కుదిరాడు. అజ్మత్ బీ ఊళ్లోనే ఉంది. ఆయన వారానికోసారి వచ్చి, ఎవరి కంటా పడకుండా పోతాడు. ఫోన్ ఇమ్రాన్‌కు ఇచ్చేశాడట.

మొన్న ఫాల్గుణంలో నార్కట్‌పల్లిలో నల్గొండ బస్సు దిగి చూస్తే, లారీ టైరు పక్కన కనిపించాడు. ఆ రోజు కూడా ఎండ ఆగి గాలి చల్లబడింది. నన్ను గుర్తుపట్టి టీ చెప్పాడు. నేను ఎన్నాళ్లుగానో కడుపులో పెట్టుకున్నదంతా కక్కేశాను. తప్పు ఆయనది కాదన్నాను. వాగు మీద గీత గీసినవాళ్లది అన్నాను, రఘుపతిది అన్నాను, నవ్విన ఊరిది అన్నాను. ఆ రోజు మైకులో నోరు మూయించకపోతే ఇదంతా జరిగేదే కాదన్నాను. ఆయన బట్ట పిండుకుంటూ చివరిదాకా విన్నాడు. తర్వాత నా వైపు చూడకుండా అన్నాడు.

"గవన్నీ నిజమే కావచ్చు బిడ్డా. కాని గుర్వయ్య బావ ఫోన్‌ను అడగలే. నన్ను అడిగిండు. వాన వస్తదని నాకు తెలుసు. రఘుపతి సారు మూసింది మైకు కాడ. గుర్వయ్య ముంగట నోరు మూసుకున్నది నేనే."