కాంటా దగ్గరి బండ్ల వరుస

నవీపేట్ చెరుకు కాంటా దగ్గర సిద్దిరాములు పని చెప్పుకోవడానికి చాలా తేలిక. వచ్చిన బండిని వచ్చినట్టు వరుసలో నిలబెట్టాలి, తూకం కాగానే పంపించాలి. పదేళ్లుగా అదే పని. పంతొమ్మిది వందల అరవై నాలుగులో మాత్రం ఆ వరుస ఆయన ప్రాణం తోడేసింది.

రైతులకు ఫ్యాక్టరీ ఇచ్చే పర్చీ చీటీలో తేదీ ఉండేది, వేళ ఉండేది కాదు. పొద్దెక్కేసరికి బండ్లు మైలు దూరం నిలిచేవి, ఎద్దులు నురగలు కక్కేవి. మధ్యాహ్నం దాటితే ఒక్క బండీ ఉండేది కాదు, తూకం గుమాస్తా కునుకు తీసేవాడు. ఈ వింత సిద్దిరాములు బుర్రకెక్కలేదు.

అసలు భయం అక్క సాయవ్వ గురించి. మొగుడు పోయాక ఆమే బండి తోలుతోంది. ఉన్న జతలో ఒక ఎద్దు ముసలిది, నిన్న వరుసలోనే మోకాళ్ల మీద కూలబడింది. ఇంకోసారి పడితే లేవదు. ఎద్దు పోతే ఆమె సేద్యమూ పోయినట్టే.

"అక్కా, రేపు పొద్దు పొడవంగనే రా. జల్ది అయిపోతది," అన్నాడు.

ఆ మాట అక్కకే చెప్పి ఊరుకుంటేనా! అడిగిన ప్రతివాడి చెవిలోనూ ఊదాడు మహానుభావుడు. తెల్లారేసరికి బండ్లన్నీ అక్కడే. సాయవ్వది నలభయ్యోది. ఎద్దు మళ్లీ తూలింది.

దెబ్బకు మాట మార్చాడు. "పొద్దు తిరిగినంక రాండ్రి." మర్నాడు పొద్దున కాంటా ఖాళీ. మధ్యాహ్నం మళ్లీ అదే మైలు వరుస! బండ్లు అవే, కాంటా అదే. సిద్దిరాములు తల పట్టుకుని కూర్చున్నాడు.

సాయవ్వ ఎద్దు మెడ నిమురుతూ అడిగింది. "గీ మాట ఎంతమందికి జెప్పినవ్‌రా?"

"అందరికి. అందరు మనోళ్లే గదా అక్కా."

"అందరికి ఒక్కతీరు జెప్తే అందరు ఒక్కపారే వస్తరు. ఊరికో యాళ్ల జెప్పు."

ఆయనకు సగమే అర్థమైంది. అయినా ఒక ఊరికి పొద్దున అని, ఇంకో ఊరికి మధ్యాహ్నమని, మరో ఊరికి సాయంత్రమని చెప్పాడు. మూడో రోజుకు వరుస కరిగిపోయింది. సాయవ్వ ఎద్దు నిలబడ్డ కాళ్ల మీదే తూకం ముగించుకుని, నీళ్లు తాగి ఇంటిదారి పట్టింది.

ఊళ్లవాళ్లు ఊరుకుంటారా? మాటలు పోల్చుకున్నారు. మాకొకటి, వాళ్లకొకటి చెప్పాడు, రెండు నాలుకలవాడని పేరు పెట్టారు. అందరినీ ఎండలో మాడ్చినన్నాళ్లూ మంచివాడే! ఇదెక్కడి న్యాయమో సిద్దిరాములుకు అంతుపట్టలేదు.

రోజూ బీడీ పంచుకునే బండి రైతు పోశన్న పక్కన కూర్చుని గొంతు తగ్గించాడు. "నాకన్న నిజం జెప్పు. రేపెప్పుడు రావాలె?"

సిద్దిరాములు పోశన్నది ఏ ఊరో, ఆ ఊరికి ఏ వేళ చెప్పాడో గుర్తు చేసుకున్నాడు.

"సాయంత్రం రా, అన్నా."

పోశన్న తీసిన బీడీని తిరిగి జేబులో పెట్టుకుని లేచిపోయాడు.