మొగిలన్న అడ్మిన్‌గిరి

సర్పంచులు మారుతరు, ఎమ్మెల్యేలు మారుతరు. మా మొగిలన్న మారడు. ఆయన వాళ్ల చుట్టాల వాట్సాప్ గ్రూపుకు అడ్మిన్.

మస్కట్‌ల కష్టం చేసి వచ్చి గంభీరావుపేటల పిండిగిర్ని పెట్టుకున్నడు. గిర్ని నడిపేది వసంత వదినె. అన్న నడిపేది గ్రూపు. దాని పేరు ‘మనింటోళ్లు’. కొడిమ్యాల నుంచి మస్కట్ దాక ఉన్న చుట్టాలంత అండ్లనే. కొత్త కోడలు వస్తే ముందుగాల గడప దాటాలె, మల్ల అన్నకు నంబరు చెప్పాలె. ఇంకొకలను అడ్మిన్ చెయ్యమంటే మాత్రం, ‘ఒక్క ఒరల రెండు కత్తులు వడతయా?’ అంటడు.

గా గ్రూపుకు ఉన్నది ఒకటే రోగం, గుడ్ మార్నింగ్. పొద్దుగాల మొకం కడుగుడు మరుస్తరు గని గులాబిపువ్వు పంపుడు మరువరు. మొన్న పోశం తాత కాలం చేస్తే గా వార్త పువ్వుల కింద పడి ఎవలకూ కనవడలే. మస్కట్‌ల ఉన్న శ్రీశైలం సరిగ్గ దాని కిందనే ‘శుభోదయం, ఈ రోజంతా నవ్వుతూ ఉండండి’ అని పెట్టిండు. తాత కొడుకులు ఇయ్యాలటి దాక వానితోని మాట్లాడరు.

గప్పుడు అన్న నా కాడికి వచ్చిండు. ఇంకెవలి కాడికి పోతడు? నేను జగిత్యాలల ఇంజనీరింగు రెండో ఏడు దాక చదివిన. ఇగ సార్ల కాడ నాకు చెప్పేతందుకు ఏం మిగల్లేదని నేనే ఇడిసిపెట్టిన. నేను కాలేజీ గేటు దాటంగనే ఊరంత కరెంటు పోయింది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిందన్నరు. అననియ్యి.

‘తమ్మీ, పువ్వులు పెట్టినోన్ని దానంతటదే బయటికి నూకేటట్టు ఏమన్న చెయ్యరాదు?’ అన్నడు అన్న.

‘గిదొక పనా అన్నా! ఛాయ్ సల్లారే లోపల చేస్త.’

ఛాయ్ సల్లారింది. వదినె మల్ల కాచింది, అది సుత సల్లారింది. గని ప్రోగ్రాం మాత్రం అసొంటిది ఇప్పటిదాక ఎవడు రాయలే. నేను రాస్తుంటే గిర్ని బెల్టు సుత సప్పుడు తగ్గించి తిరిగింది. ప్రోగ్రాం అన్న నంబరు మీదనే నడుస్తది. పువ్వు పెడితే రెండుసార్లు ‘వద్దు’ అని చెప్తది. మూడోసారి మనిషినే తీసేస్తది.

మూడోనాడు పడ్డడు లింగన్న.

లింగన్న అంటే మొగిలన్నకు బావ, కళావతక్క పెనిమిటి. కొడిమ్యాలల పసుపు పండిస్తడు. మాట తక్కువ. ఫోన్ చేస్తే ‘ఆ’ అంటడు, పెట్టేస్తడు. ఆయన చుట్టరికమంత పొద్దటి గులాబిపువ్వులనే ఉంటది. మిషిను ‘వద్దు’ అన్నది గని కండ్లద్దాలు లేక ఆయన చదువలే. మూడో పువ్వుకు గ్రూపుల అందరికి కనవడ్డది: ‘మొగిలి లింగన్నను తీసేసిండు.’ మిషిను పేరు లేదు, నా పేరు లేదు.

వచ్చే ఐతారమే కళావతక్కకు ఒడిబియ్యం. పుట్టింటోళ్లు ఆడివిల్లను, అల్లున్ని పీటల మీద కూసోవెట్టి, పసుపు కలిపిన బియ్యం ఆమె ఒడిల పోస్తరు. అమ్మబాపులు పోయినంక అన్న తన చేతులతోని పోసేది గిదే మొదలు. అల్లుడు రాకుంటె అక్క ఒక్కతె పీట ఎక్కదు.

అక్క ఫోన్ చేసింది. ‘మీ బావ రాడట. గా బియ్యం గిర్నిల పోసుకొని పిండి పట్టుకొమ్మన్నడు.’

అన్న ఆగమాగమై, ఒత్తితే మల్ల గ్రూపులకు వచ్చే లింకు పంపిండు. అక్క మల్ల ఫోన్ చేసింది. ‘లింకు పంపితే వచ్చేతందుకు ఆయన పార్శిలారా? ఇంటి అల్లున్ని ఎల్లగొట్టినవు. ఇంటికచ్చి పిలువు.’

ఇగ బయలెల్లినం. అన్న, కుంకుమ పట్టుకొని వదినె, టెక్నికల్ మనిషిగ నేను. సిరిసిల్లల మిఠాయి కొనుక్కొని కొడిమ్యాల చేరినం. లింగన్నను నేను కాక అంట. కాక వాకిట్ల పసుపుకొమ్ములు ఏరుతున్నడు. పక్కపొంటి ఫోన్ బోర్లేసి ఉంది.

‘ఎవలు తీసిండ్రు?’ అన్నడు, తల ఎత్తకుంట.

‘మిషిను తీసింది బావా. నీ మీద ఒట్టు.’

‘మిషినుకు నేను బావనని ఎరుకలేదా?’

అన్న నా దిక్కు చూసిండు. నేను గొంతు సవరించిన. ‘కాకా, ప్రోగ్రాముకు చుట్టరికాలు ఉండయి. కలెక్టరు పువ్వు పెట్టినా తీసేస్తది.’

‘కలెక్టరుకు ఒడిబియ్యం పోస్తున్నరా?’

నేను సుత పసుపుకొమ్ములు ఏరుడు మొదలువెట్టిన.

‘రాసింది నువ్వే గదా. బావకో లెక్క, లోకానికో లెక్క అని రాస్తే చెయ్యి నొచ్చునా?’

నాకు జవాబు దొరకలేదనుకునేరు. దొరికింది. పెద్దమనిషి ముంగట తెలివి చూపెట్టొద్దని ఊకున్న.

పసుపు చాప పక్కనే కూసోని రాసిన, బావలను తియ్యొద్దని. ఇంట్లకెల్లి అక్క అన్నది, ‘మరి మ్యానమామలను?’ రాసిన. ‘వియ్యపోళ్లను?’ రాసిన. ‘మా తమ్ముడు ఇబ్రహీంపట్నంల ఉంటడు…’ అని వదినె నసిగింది. గదీ రాసిన. ఒడిసేవరకు గ్రూపుల తీసేతందుకు శ్రీశైలం ఒక్కడే మిగిలిండు. నన్నడిగితే కంప్యూటరుకు లెక్కలు నేర్పుడు అలకటి పని. మన చుట్టరికాలు నేర్పితే అదే వేడెక్కి ఆగిపోతది.

వదినె అక్కకు బొట్టు పెట్టింది. అన్న బావను గ్రూపులకు తీసుకున్నడు. కాక ఫోన్ టింగుమన్నది. గని మనిషి కదల్లే.

‘నన్ను సుత అడ్మిన్ చెయ్యి. అయితెనే వస్త.’

గిర్ని రాసియ్యమన్నా అన్న మొకం గంతగనం వాడకపోవు. ఫోన్ దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. నేను మబ్బుల దిక్కు చూసిన.

‘ఏం చూస్తవయ్యా?’ అన్నది వదినె. ‘అక్క ఒడి పెద్దదా, నీ అడ్మిన్‌గిరి పెద్దదా?’

అక్క గడపల నిలవడి కొంగు వేలుకు చుట్టుకుంటున్నది. అన్న గామెను చూసుకుంటనే ఒత్తిండు. ‘చేసిన బావా.’

కాక చేతులు దులుపుకున్నడు. అద్దాలు పెట్టుకున్నడు. పసుపుపచ్చటి వేలుతోని చానసేపు దేవులాడి, ఒక్క ఒత్తు ఒత్తిండు. వదినె ఫోన్ల కనవడ్డది: ‘లింగన్న మొగిలిని తీసేసిండు.’ అన్నతోని పాటు నా ప్రోగ్రాం సుత బయట పడ్డది.

‘గిప్పుడు సమానమైంది,’ అన్నడు కాక. ‘ఐతారం వస్తున్నం. పీటలు కడిగి పెట్టుండ్రి.’

ఐతారం వచ్చిండ్రు. బియ్యం పోస్తుంటే అన్న ఆత్రానికి సగం కింద పడ్డయి. ‘మెల్లగ పొయ్యిరా, నేనేడికి పోత?’ అని అక్క నవ్వుకుంట కండ్లు తుడుసుకుంది. పీట మీది నుంచి లేవకముందే కాక ఫోటోలు గ్రూపుల పెట్టిండు. ఇల్లంత ఫోన్లు మోగినయి, ఒక్క అన్నది తప్ప.

అన్న పోయి వదినె భుజం మీదికెల్లి మెడ సాపిండు.

‘నేనెట్ల పడ్డనే?’

‘ఒక్కదాంట్ల సుత కండ్లు తెర్వలే,’ అన్నది వదినె.