పెంకుల లారీ రాని ఏడు

మొన్న మొయినాబాద్ దగ్గర ఒక ఫామ్‌హౌస్‌లో మనవరాలి పుట్టినరోజు చేశారు. సిమెంటు స్లాబు మీద షోకుకు గడ్డి పరిచిన ఇల్లది. చినుకులు పడి తడిగడ్డి వాసన ముక్కుకు తగలగానే నన్ను కుర్చీలో కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాలేదు.

ఎంకపల్లి పొలంలో మా తాత కట్టిన ఇల్లు గుర్తొచ్చింది. మూరెడు మందం రాతిగోడలు, రాయికీ రాయికీ నడుమ ఉత్త మన్ను. ఎండాకాలం వీపు ఆనిస్తే కొత్తకుండంత చల్లన. వానాకాలం పొయ్యి పొగ గడ్డిలోంచి మెల్లగా పైకి పోతుంటే, వాసాలకు కట్టిన మక్క కంకులకూ ఎల్లిగడ్డలకూ మా జుట్టుకూ ఒకటే వాసన. ఆ గోడల ప్రాణమంతా గడ్డికప్పులోనే ఉండేది; అది తీస్తే ఒక్క పెద్దవానకు మన్ను కరిగి రాళ్ళు జారతాయి.

తెలిసీ, అరవైతొమ్మిది ఎండాకాలంలో బాపు పెంకుల ముచ్చటకొద్దీ కప్పంతా దింపించాడు. పట్నం నుంచి లారీ రావాలి. ప్రత్యేక తెలంగాణ ఉద్యమంతో బడుల్లేవు, బస్సుల్లేవు, లారీ ఎట్లా వస్తుంది? పైగా అక్కడ చదివే మా యాదన్నే దోస్తులతో రోడ్డు మీద బండ్లు ఆపుతున్నాడని కబురొచ్చింది. గచ్చకాయలు ఆడుతున్నా మా పిల్లల కళ్ళు మొగులు మీదే.

"ఉన్న ఇంటిని వానల ముంచుతడా నీ కొడుకు?" అని బాపు అవ్వ మీద, మా అమ్మ మీద, ఎగిరాడు.

"వానికి ఎరుక లేదు. ఎరుకైతె ఉరికొస్తడు," అన్నది అవ్వ.

మొగులు నల్లబడిన రోజు అన్న నిజంగానే వచ్చాడు, ఇద్దరు దోస్తులతో, నడుచుకుంటూ. బాపుతో మాటల్లేవు. గండిపేట చెరువు అంచున పచ్చి జమ్ముగడ్డి కోసి, బండి మీద తెచ్చి, పొద్దుగూకేలోపు కప్పారు. కోసుకుపోయిన అన్న అరచేతులకు అవ్వ పసుపు అద్దింది. వాన దంచికొట్టింది, గోడలు నిలిచాయి.

"పెంకులు నేనే తెస్త బాపూ, జర ఆగు," అని తెల్లారి అన్న వెళ్ళిపోయాడు. వారం తిరగకముందే పట్నంలో ఊరేగింపు మీద పోలీసు కాల్పులు జరిగాయి. అన్న అందులో చనిపోయాడు.

బాపు మళ్ళీ పెంకుల మాట ఎత్తలేదు. ఏటా గడ్డి కప్పేవాళ్ళకు కింద నిలబడి ఒకటే చెప్పేవాడు: "మీద ఎంతన్న ఎయ్యుండ్రి, కిందిది ముట్టకుండ్రి." బరువుకు వాసాలు వంగితే గుంజలు పెట్టించాడు తప్ప ఒక్క పరక పీకనివ్వలేదు.

ఆయన పోయాక పొలం ప్లాట్లైంది. ఇప్పుడక్కడ రాయీ లేదు, వాసమూ లేదు. ఇల్లు కూల్చిన రోజు మిషను ఆపించి అన్న వేసిన జమ్ము కోసం వెతికాను. అది ఏనాడో పొడై రాలిపోయింది. బాపుకు తెలియదనుకోను. రోజూ పొద్దున ఆ పొడిని ఊడ్చింది ఆయనే.