నా మూలుగుకి సున్నా

బట్టల బకెట్ ఎత్తబోతే నడుములో కలుక్కుమంది. ఎముకలు గుల్లబారి వెన్నుపూస ఒకటి నలిగిపోయిందని స్కానింగ్‌లో తేలింది. అరవై ఆరేళ్లొచ్చి బకెట్ దగ్గర ఓడిపోయానని చెప్పుకోవడానికే సిగ్గేసింది.

నేను డబ్బింగ్ చెబుతాను. ఫిల్మ్ నగర్ స్టూడియోలో ఆరేళ్లుగా ఒక సీరియల్ అత్తగారికి గొంతు నాదే. తెరమీద కనిపించే ఆవిడకి తెలుగు రాదు, ఆ కోపమంతా నాది. నేను మంచాన పడగానే డైరెక్టర్ నా బదులు ఒకమ్మాయిని పెట్టాడు. మూడు వారాల్లో రాకపోతే ఆమెనే ఖాయం చేస్తామని కబురు పంపాడు.

జూబ్లీ హిల్స్ డాక్టర్ రెండు దారులు చెప్పాడు. బెల్టు కట్టుకుని, మాత్రలు వేసుకుని, మెల్లగా నడుస్తూ ఎముకని దానంతటదే అతుక్కోనివ్వడం ఒకటి. సూదితో పూసలోకి సిమెంటు ఎక్కించడం ఇంకోటి.

"చాలామందికి మొదటిదే చాలండీ. నొప్పి లొంగకపోతేనే సిమెంటు. మీకెలా ఉంది?"

సిమెంటైతే తొందరగా మైకు దగ్గరికి వెళ్లొచ్చని నా ఆశ. సీరియల్లో అత్తగారు మెట్ల మీంచి పడ్డప్పుడు మూలిగిన మూలుగు తీసి అక్కడ వదిలాను. నర్సు పరిగెత్తుకొచ్చింది.

డాక్టర్ కదల్లేదు. "ఒకసారి పక్కకి తిరగండి" అన్నాడు. తిరిగాను. ఊపిరి ఆగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ నోరు పెగల్లేదు.

"మూలుగుకి సున్నా అమ్మా. అసలు నొప్పి ఇది. మూడు వారాలు బెల్టుతో చూద్దాం. అప్పుడూ ఇలాగే ఉంటే సిమెంటు నేనే వేస్తాను. ఏది చేసినా ఎముక బలానికి మందు మాత్రం మానకూడదు."

దొరికిపోయినందుకు ఒళ్లు మండింది గానీ, ఆ మనిషి మీద గురి కుదిరింది.

శ్రీనగర్ కాలనీలో మా వీధి ఈ చివర నుంచి ఆ చివరికి రోజూ నడిచాను. సాయంత్రం టీవీలో ఆ అమ్మాయి గొంతు చెవి రిక్కించి వినేదాన్ని. బాగా చెబుతోంది మరి, అదీ నా బాధ.

మూడు వారాలకి డాక్టర్ మళ్లీ తిరగమన్నాడు. ట్రాఫిక్‌ని తిడుతూనే తిరిగాను. నొప్పి ఉంది, మాట మాత్రం ఆగలేదు. సిమెంటు అక్కర్లేదన్నాడు. అటునుంచటే స్టూడియోకి వెళ్లాను.

"అమ్మాయి మంచిగనే చేస్తుందమ్మా" అన్నాడు డైరెక్టర్. "మీకు నిలబడుడు కష్టం గదా."

"కుర్చీ వేయించండి. ఒక్క సీను ఇవ్వండి. నచ్చకపోతే ఇంటికెళ్లిపోతాను."

కోడల్ని గెంటేసే సీను ఇచ్చాడు. బెల్టు బిగుసుకుని, పొడుగు డైలాగు ఒక్క ఊపిరిలో రాలేదు. సగంలో ఆగి, మిగతా సగం గొంతు తగ్గించి పళ్ల మధ్య నుంచి వదిలాను. డైరెక్టర్ దాన్ని రెండుసార్లు వేయించుకుని విన్నాడు.

"రేపు పదింటికి రాండ్రి అమ్మా."

"పదకొండుకి వస్తాను" అన్నాను. "పొద్దున నాకు నడక ఉంది."